మూట కట్టిన సముద్రం

నగరిలో బస్సెక్కి తిరుపతిలో దిగేలోపు నా పక్క సీటులో కూర్చున్న మనిషి కునుకు తీసిన పాపాన పోలేదు. మా వీధి మరమగ్గాల మీద నేసిన తువ్వాళ్లు, లుంగీలు మూటలు కట్టుకుని తిరుపతి, పాకాల, కాణిపాకం అంగళ్లకు వేసి రావడం నా పని. దారి పొడుగునా నోరు ఊరికే ఉండదు. పుత్తూరు దాటేసరికి ఒక పులిని చంపుతాను. వడమాలపేట వచ్చేసరికి దాన్ని బతికించి దానిచేత కల్లు తాగిస్తాను. వినేవాళ్లు నమ్మరు. నమ్మకపోయినా దిగేటప్పుడు "మళ్లీ ఎప్పుడొస్తావప్పా?" అని అడిగి పోతారు. నాకు అంతే చాలు.

ఆ కథలన్నిటిలోకీ పెద్దది మా నాయన గురించినది. ఆయన మీసాలు మొలిచే వయసులో మదరాసులో తీసిన ఒక పౌరాణికం ఉంది. నలుపు తెలుపు బొమ్మ. అందులో ఒక రాజు తుఫానులో పడవెక్కి సముద్రం దాటుతాడు. ఆ పడవలో రాజు వెనక కత్తి పట్టుకుని నిలబడిన భటుడు మా నాయనే అని నేను చెప్పేవాణ్ణి. "అల వచ్చి కొడితే రాజు కిరీటం కొట్టుకుపోయిందప్పా. మా నాయన దూకి, ఈదుకుంటా పోయి, దాన్ని తెచ్చి మళ్లీ తల మీద పెట్టినాడు. డైరెక్టరు కట్ చెప్పేది మరిచిపోయి చేతులెత్తి మొక్కినాడు. అప్పుడు గ్రాఫిక్సు యాడిది? సముద్రం అంటే సముద్రమే, తుఫాను అంటే తుఫానే!"

నాయన మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆయన చెప్పింది వేరు. నా చిన్నప్పుడు, ఇంకా చేతిమగ్గం ఉన్న రోజుల్లో, గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూ అన్నాడు: "ఆ సినిమాలో సముద్రం మాదేరా. నేనూ మా అన్నా నేసినాము. మూటలు కట్టుకుని రైల్లో మదరాసుకు తీసకపోయినాము." అంత పిల్లవాణ్ణి, నాకే నవ్వొచ్చింది. సముద్రాన్ని నేయడం ఏమిటి, మూట కట్టడం ఏమిటి! పాపం, ఈయనకు అబద్ధం అతికేటట్టు చెప్పడం కూడా చేతకాదు అనుకున్నాను. పెద్దయ్యాక ఆ కథకు నేనే మరమ్మతు చేసి, నాయనను తీసుకుపోయి పడవలో నిలబెట్టాను. ఆయన వింటుండగానే చెప్పేవాణ్ణి. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి పోయేవాడు. మురిసిపోతున్నాడనుకునేవాణ్ణి.

ఈ మధ్య మా వీధి వాళ్లమందరం వ్యాను మాట్లాడుకుని తిరుపతికి పోయి కొత్త సినిమా ఒకటి చూసివచ్చాము. కొండలు లేచి నడుస్తాయి, ఏనుగులు ఆకాశంలో కొట్టుకుంటాయి, నది నిలబడి మనిషి ఆకారంలో మాట్లాడుతుంది. మరునాడు పొద్దున టీ అంగడి దగ్గర అదే మాట. మా పక్కింటి మరమగ్గాల షెడ్డు యజమాని నాకంటే చిన్నవాడు, మాటకు మాట అంటించే రకం. నన్ను చూడగానే మొదలుపెట్టాడు.

"ఏమన్నా, సూసినావు గదా నిన్న? కొండ లేసి నడిసొస్తే నా సేతిలో మురుకులు యాడ పడినాయో తెలీలేదు. మీ పాత సినిమాలు దీని ముందర నిలబడతాయా?"

"కంప్యూటర్లో కొండను నడిపించేది ఎవురైనా చేస్తారబ్బా. నడవకుండా నిలబడిన కొండను చూపించి నిన్ను ఏడిపించమను, చూద్దాం."

"కొండను సూసి నేనెందుకు ఏడవాల?"

"అదే మరి, మీకు తెలీదు" అన్నాను. నాకూ తెలియదు. కానీ టీ అంగడిలో అట్లాంటి మాట అన్నాక ఒక్క క్షణం అందరూ ఆలోచనలో పడతారు, ఆ క్షణం నాకిష్టం.

అతను పడలేదు. "సరేన్నా. వచ్చే అమావాస్యకు షెడ్డు ఖాళీగానే ఉంటాది. మా బామ్మర్దిది ప్రొజెక్టరు ఉండాది. ఆ సినిమా మాకూ సూపించు. పెదనాయన ఈతకొట్టి కిరీటం తెచ్చేది మేమూ సూస్తాం."

అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు. చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వచ్చినా ఆ కట్టుబాటు మాత్రం పోలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా సరే అంటే సరే అన్నారు. నేనూ సరే అన్నాను. ఇంకేం అనను?

ఇంటికి వచ్చేసరికే ఆ కబురు నాయన చెవిన పడింది. ఆయన వసారాలో లేచి నిలబడి ఉన్నాడు.

"వేస్తారంట గదా? పెద్దగానా?"

"పెద్దదే నాయనా. పంచె కట్టి దాని మీద వేస్తారు."

"సముద్రం వచ్చేదాకా వేస్తారా, మద్దెలో నిలిపేస్తారా?"

"అంతా వేస్తారు."

"అట్లయితే నేను ముందర కూర్చుంటా. బాగా దగ్గిరగా."

ఆయన ఆ సినిమా ఎన్నడూ చూడలేదు. అది పుత్తూరు టెంటులో ఆడే రోజుల్లో వాళ్లన్న జ్వరంతో పడివున్నాడట. అన్న లేచాక ఇద్దరం కలిసి పోదాంలే అనుకున్నాడట. అన్న లేవలేదు. తర్వాత ఈయన ఆ సినిమా జోలికే పోలేదు. ఇప్పుడు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది మసకబారుతోంది. తిరుపతి కంటి డాక్టరు "చూడాల్సినవి ఏమైనా ఉంటే చూసేయండి" అని నోటితో అనలేదు గానీ, ఆ అర్థం వచ్చేటట్టే చూసి మందులు రాసిచ్చాడు. ఆ సముద్రాన్ని ఒక్కసారి, కన్ను ఉండగానే, పెద్దగా చూడాలి. ఆయన అడిగింది ఇదొక్కటే.

మా అమ్మాయి తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. వేసవి సెలవులకు ఇంట్లో ఉంది. సినిమా ఫోన్లో వెతికి పట్టుకుంది. సముద్రం సీను రాగానే పడి పడి నవ్వింది.

"నాన్నా, ఇది సముద్రమా? దుప్పటి! ఎవరో కింద దూరి ఎగరేస్తా ఉండారు. ఇదో, ఈడ సూడు, ఎవరి తలో తగిలి బొడిపిలాగా లేచింది!"

చూశాను. నిజమే. గుడ్డ మీద చిన్న బొడిపి లేచి, కాసేపు అటూ ఇటూ తడబడి, దిగిపోయింది. పడవలో రాజు, పడవ నడిపే బొజ్జ మనిషి తప్ప మూడో ప్రాణి లేదు.

"తాత యాడ నాన్నా?"

నేను ఫోను బోర్లా తిప్పి పెట్టాను.

"ఊరికే చెప్పినానని చెప్పేయి నాన్నా. నీ సంగతి అందరికీ తెలిసిందే గదా, నవ్వి ఊరుకుంటారు."

చెప్పేయవలసింది. దుప్పటి అన్న మాట చెవిన పడగానే నాయన చెప్పిన మూట గుర్తుకు రావలసింది. రాలేదు. టీ అంగడిలో నా మొహం ఎట్లా పెట్టుకోవాలన్న ఆలోచన తప్ప తలలో ఇంకేదీ లేదు. మరునాడు మూటలతోపాటు ఆ సినిమానూ, నాయన పెళ్లినాటి ఫోటోనూ తీసుకుని తిరుపతి బస్సెక్కాను.

నేను తువ్వాళ్లు వేసే అంగడికి మిద్దె పైన ఒకతను పెళ్లి వీడియోలు చేస్తాడు. పెళ్లికొడుకునూ పెళ్లికూతుర్నీ మేఘాల మీద నడిపించి ఏడుకొండల చుట్టూ తిప్పించడంలో దిట్ట. సీను చూసి పెదవి విరిచాడు.

"దుప్పటి మాదిరి ఉండాది గదన్నా."

"అందుకే గదప్పా నీ దగ్గరికొచ్చింది. అది తీసేసి నీళ్లు పొయ్యి."

"ఎన్ని నీళ్లు?"

"తుఫాను పొయ్యి. పడవలో మా నాయనను ఎక్కించు. ఇదిగో ఫోటో."

"మీసం పెట్టాల్నా?"

"పెట్టు. కత్తి కూడా."

"సొరచేప కావాలా అన్నా? నా దగ్గర ఊరికే పడుండాది."

కొంచెంసేపు ఆలోచించాను. "వద్దులే, అబద్ధం అనుకుంటారు" అన్నాను. మెట్లు దిగబోతూ గుర్తొచ్చి వెనక్కి వచ్చి తెర మీద వేలు పెట్టి చూపించాను: "ముఖ్యంగా ఈ బొడిపి కనపడకుండా చూడప్పా. ఇది ఉంటే మొత్తం చెడిపోతాది."

అతను చెప్పిన రోజుకు చేసి ఇచ్చాడు. కష్టపడ్డాడు, కాదనను. అలలు లేచి విరిగి నురగలు కక్కుతుంటే నాకే ఒళ్లు జలదరించింది. "నీళ్లు ఎట్లుండాయన్నా?" అని నా మొహంలోకే చూస్తూ అడిగాడు. "తడిసిపోయినాను పోప్పా" అన్నాను. ఆ రోజు తిరుగు బస్సులో నేను ఎవరికీ కథ చెప్పలేదు. ఫోన్లో అదే చూసుకుంటూ వచ్చాను.

అమావాస్య వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ షెడ్డులో చేరారు. మగ్గాలు ఆగిన షెడ్డులో నూనె వాసన, గంజి వాసన ఇంకా గట్టిగా తెలుస్తాయి. తలుపులు మూసి, కిటికీలకు గోతాలు కట్టి, దూలానికి తెల్ల పంచె గుడ్డ వేలాడదీశారు. నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి అందరికంటే ముందు కుర్చీలో, తెరకు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా కూర్చున్నాడు.

మొదట్లో జనం కుదురుగా లేరు. పద్యం మొదలైతే "ఇది ముగిసేలోపు ఒక తువ్వాలు నేసేయొచ్చు" అని ఎవరో అన్నారు. సముద్రం వచ్చేసరికి అందరూ నోళ్లు మూశారు. నీళ్లు తెర నిండా విరుచుకుపడ్డాయి. ఈలలు. పడవలో రాజు వెనక కత్తి ఎత్తి, మీసంతో, పెళ్లినాటి మొహంతో మా నాయన.

"పెదనాయనా! నువ్వే! సూడు, నువ్వే!" అని షెడ్డు యజమాని లేచి గంతులు వేశాడు. "అన్నా, ఒప్పుకున్నాను. పాత సినిమానే గెలిసింది!"

నేను కాలర్ సర్దుకున్నాను. నాయన ముందుకు వంగి, ఇంకా వంగి, పోయిన కంటిని అరచేత్తో మూసి చూస్తున్నాడు. సీను అయిపోయింది.

"ఎట్లుండాది నాయనా?"

"సముద్రం యాడబ్బా?"

"అదే గదా సముద్రం, ఇప్పుడు వచ్చిందే."

"అది కాదు. అవి నీళ్లు. మా సముద్రం యాడ?" ఆయన కుర్చీలో వెనక్కి తిరిగి అందరితో చెప్పాడు: "మేము నేసినామప్పా. నేనూ మా అన్నా. అది గుడ్డ."

షెడ్డు అదిరిపోయేటట్టు అందరూ నవ్వారు.

"శభాష్ పెదనాయనా! ఈ అన్న ఏదో కిరీటం దాకానే పోయినాడు. నువ్వు సముద్రాన్నే నేసేసినావు. ఎంతైనా నాయన నాయనే!" అన్నాడు యజమాని. వెక్కిరింపు కాదు, ప్రేమగానే అన్నాడు. మా ఇంటి మాట అంటే నవ్వడానికేనని నేనే ఇన్నేళ్లూ అలవాటు చేశాను.

నాయన నావైపు చూశాడు. గుడ్డ అన్న మాట ఆయన నోట వినగానే నాకు అంతా అర్థమైపోయింది. దుప్పటి, మూట, బొడిపి. ఒక్కమాట, "నిజమే" అని అంటే చాలు. ఆయన దానికోసమే చూస్తున్నాడు. అందరూ నవ్వుతున్నారు గదా, అలవాటు కొద్దీ నాకూ నవ్వు వచ్చేసింది. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చి ఆయన చొక్కా విప్పి మడత పెట్టుకున్నాడు. అమ్మాయి పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"తాతా, నిజంగానే నేసినారా? ఎట్ల?"

"మదరాసు నుంచి ఒకాయన వచ్చినాడమ్మా. వెడల్పుగా ఉండాల, అతుకు కనపడకూడదు, గాలికి లేవాల, కొంచెం మెరవాల అన్నాడు. ఊర్లో ఎవురూ ముందుకు రాలేదు. మా అన్న సరే అన్నాడు. పెద్ద మగ్గం ఏసినాము. అన్న ఆ పక్క, నేను ఈ పక్క. నాడె ఆయన ఇసిరితే నేను పట్టుకోవాల, నేను ఇసిరితే ఆయన." నాడె అంటే దారం మోసుకుని పడుగులో అటూ ఇటూ పరిగెత్తేది. చెబుతుంటే ఆయన చెయ్యి దాన్ని పట్టుకున్నట్టే కదిలింది. "మూటలు తీసుకుపోతే ఆడ మనుషులు తక్కువైనారు. మీరూ దూరండి అన్నారు. గుడ్డ కింద సీకటి. పైన ఎవురో లేపండి, దించండి అని అరస్తా ఉండారు. మా అన్న పొడుగు మనిషి. తుమ్మొచ్చి నిటారుగా లేసినాడు. తల తగిలి గుడ్డ పైకి లేసింది. తిడతారేమో, దుడ్లు ఇయ్యరేమోనని ఒణికిపోయినాము. ఎవురూ సూల్లేదు."

"నేను చూసినాను తాతా" అంది అమ్మాయి. అని నావైపు తిరిగింది. ఆ బొడిపి గురించి నేను తిరుపతిలో ఏమి చెప్పి వచ్చానో తనకు తెలియదు. అయినా నేను తల దించుకున్నాను.

తను ఫోన్లో అసలు సీను పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, పక్కకు వంచి చూశాడు. "శానా చిన్నదిగా ఉండాదమ్మా. ఏందో మెరస్తా ఉండాది, అంతే" అని తిరిగి ఇచ్చేశాడు.

మరునాడు షెడ్డు యజమాని దగ్గరికి పోయి ఇంకోసారి షెడ్డు అడిగాను.

"ఎందుకన్నా, ఈసారి పెదనాయన చంద్రుణ్ణి నేసినాడా?" అని నవ్వుతూనే సరేనన్నాడు.

మగ్గాలు ఆగాలంటే మళ్లీ అమావాస్య రావాలి. ఆ నెలంతా నాయన కంట్లో మందు వేస్తూ, నల్లగుడ్డు మీద మసక పెరిగిందా అని చూస్తూ గడిపాను. ఈలోగా టీ అంగడిలో నిజం చెప్పాను. గ్రాఫిక్స్ నేను చేయించానని, పడవలో నాయన లేడని, ఆ సముద్రం ఆయన నేసిన గుడ్డేనని చెప్పాను. కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు వేశాను. నా జన్మలో నేను చెప్పిన ఏ కథకూ అంత నవ్వు రాలేదు. ఒకాయనకు టీ ముక్కులోకి పోయింది. "నువ్వు రానురాను తేలిపోతా ఉండావు మామా" అని వీపు తట్టాడు. తిరుపతి నుంచి పెళ్లి వీడియోలతను ఫోన్ చేసి జనం ఏమన్నారని అడిగాడు. ఈలలు వేశారని చెప్పాను. అదొక్కటే ఎవరూ అనుమానించని నిజం.

పాత సినిమా నిలబడుతుందా, కొత్తది నిలబడుతుందా అని నేనూ షెడ్డతనూ ఇన్నాళ్లూ గొంతులు చించుకున్నాము. నేను నిజం సముద్రం గొప్పదన్నాను, అతను నిజంలాగా కనిపించే సముద్రం గొప్పదన్నాడు. గుడ్డ గొప్పదని మా ఇద్దరిలో ఒక్కరమూ అనలేదు. ఇద్దరమూ గుడ్డ అమ్ముకునే బతుకుతున్నాము.

రెండో అమావాస్యకు సగం మందే వచ్చారు. ప్రొజెక్టరు దగ్గర నేనే కూర్చున్నాను. అసలు సినిమా వేశాను. సముద్రం వచ్చింది. నల్లటి గుడ్డ ఉబ్బి, వాలి, మళ్లీ ఉబ్బి. వెనక నుంచి కిసకిసలు. "అన్నా, నీళ్లు అయిపోయినాయా?" అని ఒకరు. నాయన కుర్చీలోంచి లేచాడు. చేతికర్ర వదిలేసి తెర పక్కకు పోయి నిలబడ్డాడు. కళ్లు తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి, గుడ్డ నాణ్యం చూసేవాళ్లు చూసినట్టు, పై నుంచి కిందకు చూసుకుంటూ వచ్చాడు.

బొడిపి లేచింది. నేను సినిమా ఆపేశాను.

"ఇదో" అన్నాడు. అరచెయ్యి దాని మీద పెట్టాడు. "మా అన్న."

ఎవరూ నవ్వలేదు. షెడ్డు యజమాని లేచి తెర దగ్గరికి పోయాడు. వంగి చూశాడు. అతని గొంతులో వేళాకోళం పోయింది, అంగడి గొంతు వచ్చింది.

"పెదనాయనా, అతుకు యాడా కనపడలేదే. వెడల్పు ఎంత పెట్టినారు?"

"చెరొక పక్క నిలబడి నాడె ఇసురుకునేంత."

"గంజి పెట్టినారా?"

"పెడితే గాలికి లేస్తాదా అప్పా?"

"మెరుపుకేం కలిపినారు మరి?"

ఒక్కొక్కరే లేచి ముందుకు వచ్చారు. రాజును ఎవరూ చూడటం లేదు. మళ్లీ వెనక్కి పెట్టి వేయమన్నారు. వేశాను. మళ్లీ వేయమన్నారు. మధ్యలో నాయన మాట గట్టిపడుతోంది, చెయ్యి అటూ ఇటూ నాడె విసురుతోంది.

షెడ్డు యజమాని ఉన్నట్టుండి నావైపు తిరిగాడు. "ఏమన్నా, ఇంత సంగతి ఇంట్లో పెట్టుకుని కిరీటం కథ సెప్పుకుంటా తిరిగినావే? నీకు తెలీదా?"

నాలుక మీదికి జవాబులు ఒకదాన్ని తోసుకుంటూ ఇంకొకటి వచ్చాయి. అన్నీ బాగా అతికేవే. నేను నోరు తెరిచేలోపే నాయన, తెర మీద నుంచి కన్ను తిప్పకుండా, కోపమేమీ లేకుండా అన్నాడు:

"వానికి సెప్పినానప్పా. సిన్నప్పుడే సెప్పినాను."

ప్రొజెక్టరు అమ్మాయికి అప్పగించి, పంచె గుడ్డ వంకర పోయిందన్నట్టు దాని వెనక్కి పోయాను. వెనక నుంచి కూడా సముద్రం కనిపిస్తోంది, ఎడమా కుడీ తారుమారై. అది ఉబ్బింది. బొడిపి లేచింది. పక్కనే మా నాయన చేతి నీడ. గుడ్డ అంచు సరిచేస్తున్నట్టు పట్టుకుని, సినిమా అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.